చీటీలో ‘వద్దు’ అని వచ్చింది, పాపకు టీకా వేయించనా?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీకు తొమ్మిది నెలల పాప. మియాపూర్‌లో అత్తమామలతో ఉంటున్నావు. పాపకు తొమ్మిదో నెల టీకా వేయించాల్సిన టైమ్ వచ్చింది. నువ్వున్న సత్సంగం వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దావిడ, పూర్తి నమ్మకం ఉన్న తల్లికి సూదులూ మందులూ అక్కర్లేదని, వాటివల్ల బిడ్డలో సాత్వికత చెడిపోతుందని చెప్పింది. నువ్వు అమ్మవారి ముందు రెండు చీటీలు వేస్తే ‘వద్దు’ అన్నది వచ్చింది. ఆ రోజు నుంచి నీకు నిద్ర లేదు. మనసేమో వేయించమంటోంది, చీటీ వద్దంటోంది, అత్తయ్యగారు ముందు దిష్టి సంగతి చూడమంటున్నారు. ‘ఇందులో దేవుడి మాట ఏది, నా భయం ఏది, ఎలా తెలుసుకోవాలి?’ అని అడిగావు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం చంటిపిల్లల వార్డులోనే. ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇప్పుడు అమ్మమ్మను కూడా. పొద్దున్నే లలితా సహస్రనామం చదువుకోకుండా కాఫీ ముట్టను. ఆ సహస్రనామంలో మొట్టమొదటి నామమే ‘శ్రీమాతా’. కాబట్టి దేవుడి మీద నమ్మకం లేని మనిషి చెబుతోందని అనుకోకు. నాకు నీ వయసు కూతురుంది, అందుకే చనువుగా నువ్వు అంటున్నాను.

మిగతా సంగతుల కంటే ముందు టీకా గురించి చెబుతాను. వేయించు, ఈ వారంలోనే వేయించు. తొమ్మిదో నెలలో వేసేది ప్రధానంగా ఎంఆర్ టీకా, అంటే తట్టు, రుబెల్లా రాకుండా వేసేది. దాంతోపాటు విటమిన్ ఎ చుక్కలు మొదటి డోసు ఇస్తారు. ఆ రోజు ఇవ్వాల్సినవి ఇంకేమైనా ఉంటే కార్డు చూసి సిస్టరే చెబుతుంది. తొమ్మిదో నెలే ఎందుకో తెలుసా? పాప నీ కడుపులో ఉండగా నీ రక్తంలోని రక్షణ, మాయ (ప్లాసెంటా) ద్వారా తనలోకి వెళ్లింది. పుట్టాక కొన్ని నెలలపాటు ఆ రక్షణే పాపను తట్టు నుంచి కాపాడుతుంది. అది బలంగా ఉన్నప్పుడు టీకా వేస్తే సరిగా పట్టదు, ఆ రక్షణ టీకాను కూడా అడ్డుకుంటుంది. తొమ్మిదో నెల వచ్చేసరికి అది చాలావరకు తగ్గిపోతుంది. అంటే నువ్వు నీ ఒంట్లోంచి తీసి తొడిగిన కవచం పల్చబడే వేళకు, పాప తన కవచం తానే తయారుచేసుకునేలా చేసేది ఈ టీకా. తల్లి మొదలుపెట్టిన పనిని ఇది ముందుకు తీసుకెళ్తుంది. ఇందులో సాత్వికత చెడేది ఏముందో నాకు అర్థం కాలేదు.

తట్టును మామూలు దద్దుర్లు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను వార్డులో చూసిన తట్టు వేరు. ఒళ్లంతా ఎర్రగా పేలి, కళ్లు పుసులు కట్టి, వారం తిరిగేసరికి న్యుమోనియాలోకి దిగిన పిల్లల్ని చూశాను. విరేచనాలతో కళ్లు లోపలికి పోయిన పిల్లల్ని చూశాను. ‘అమ్మవారు పోసింది, మందు వేస్తే ఆవిడకు కోపం వస్తుంది’ అని ఇంట్లోనే వేపాకుల మీద పడుకోబెట్టి, ఊపిరి అందకుండా పోతున్నప్పుడు తెచ్చేవాళ్లు. ఆ తల్లుల్లో ఎవరికీ ప్రేమ తక్కువ లేదు, భక్తి తక్కువ లేదు. మన అమ్మమ్మల కాలంలో మశూచిని కూడా అమ్మవారనే అనేవాళ్లు. ఊరూరా టీకాలు వేసి వేసి, 1977లో మన దేశంలో మశూచి లేదని ప్రకటించారు. వెంకటగిరిలో పోలేరమ్మ జాతర మాత్రం ఈనాటికీ జరుగుతూనే ఉంది. జబ్బు పోయింది, అమ్మవారు ఉన్నారు. సూది వల్ల ఆవిడకు లోటేమీ రాలేదు.

ఇక చీటీల సంగతి. నేనూ వేశాను. మా అమ్మాయికి రెండు పేర్లలో ఏది పెట్టాలో తేలకపోతే అమ్మవారి ముందు చీటీలు వేసే తేల్చుకున్నాం. అన్నప్రాసనకు ఏ గుడికి వెళ్లాలి, పుట్టువెంట్రుకలు ఏ క్షేత్రంలో తీయించాలి, ఇలాంటివాటికి వేసుకో. ఏ చీటీ వచ్చినా బిడ్డకు మేలే. రెండు దారుల్లో ఒకటి బిడ్డకు అపాయం తెచ్చేదైతే మాత్రం అక్కడ చీటీ వేయకూడదు. పాప నడుస్తూ నడుస్తూ పొయ్యి దగ్గరికి వెళ్తుంటే ఆపాలా వద్దా అని చీటీ వేస్తామా? చేతులు చాచి పట్టుకుంటాం. ఆ చేతులు ఇచ్చిందీ దేవుడే కదా.

ఇంకొకటి గమనించు. ‘వద్దు’ అని వచ్చాక నీకు మనశ్శాంతి దొరకలేదు. దేవుడి నిర్ణయం దొరికిందనుకున్న మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టాలి. నీకు పట్టలేదు. నీ లోపల ఏదో ఒప్పుకోలేదు. నువ్వడిగిన ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మిగతా సగం చెప్పడానికి నా కథ చెప్పాలి.

1993 వేసవి. మా పెద్దబ్బాయికి ఏడో నెల. ఒకరోజు మధ్యాహ్నం నిద్రలోంచి కేకపెట్టి లేచాడు. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ముఖం కందిపోయేలా ఏడ్చాడు. రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయింది. పావుగంట తర్వాత మళ్లీ అదే ఏడుపు. సాయంత్రానికి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మా అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. ‘చూశావా, ఎంత దిష్టి తగిలిందో’ అంది. ఊళ్లో ఉన్న ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించాం. పళ్లొస్తున్నాయి, గ్యాస్ పట్టింది అని చుక్కలు రాసిచ్చారు. నేను నర్సునే అయినా ఆయన మాట, అత్తయ్య మాట రెండూ విని ఇంటికొచ్చేశాను.

చుక్కలు వేశాం. ఏడుపు తగ్గినట్టే అనిపించింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం లోపల ఏదో పట్టి లాగుతున్నట్టుంది. ఏమిటో చెప్పమంటే చెప్పలేను. దీపం పెట్టి, వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని సహస్రనామం మొదలుపెట్టాను. అమ్మా, నాకు ఏ గొంతూ వినిపించలేదు, ఏ వెలుగూ కనిపించలేదు. నామాలు సాగుతున్న కొద్దీ గుండెదడ తగ్గింది. తగ్గాక, పొద్దుటి నుంచి నా కళ్లు చూసినవే ఒక్కొక్కటిగా ముందుకొచ్చాయి. మధ్యాహ్నం నుంచి పొత్తిగుడ్డ తడవలేదు. ఏడుపుకూ ఏడుపుకూ మధ్య వాడు ఆడుకోవడం లేదు, గుడ్డపేలికలా పడి ఉంటున్నాడు. నా గొంతు వింటే తల తిప్పే పిల్లాడు, చెవి పక్కనే చదువుతున్నా తిప్పలేదు. పుస్తకం మూసేసి లేచాను. ‘ఇప్పుడే వెళ్దాం’ అన్నాను. రాత్రి పదైంది. మా ఆయన జీపు మాట్లాడారు. దారిలో గుడ్డ మార్చబోతే నెత్తురూ జిగురూ కలిసిన విరేచనం.

జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రిలో తెల్లవారకముందే ఆపరేషన్ చేశారు. పేగులోకి పేగు దూరింది. డాక్టర్లు ఇంటుససెప్షన్ అంటారు. ఏడాదిలోపు పిల్లల్లో, ముఖ్యంగా ఐదో నెల నుంచి తొమ్మిదో నెల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. ఇప్పుడు స్కానింగ్‌లో చూసి, త్వరగా తెస్తే కోత లేకుండా కింది నుంచి గాలితోనో సెలైన్‌తోనో ఒత్తిడిపెట్టి చాలామందికి సరిచేస్తున్నారు. ఆలస్యమైతే పేగుకు రక్తం అందక కుళ్లిపోతుంది. ఆ సర్జన్ గారు బయటికొచ్చి, ఇంకాస్త ఆలస్యమై ఉంటే పేగు కోసి తీసేయాల్సి వచ్చేదన్నారు. మా అత్తయ్య అక్కడే నేల మీద కూర్చుని తిరుపతికి మొక్కుకుంది. వాడికి ఏడాది నిండాక వెళ్లి తల నీలాలు ఇచ్చాం.

ఈ కథలో నేను నీకు చూపించాలనుకున్నది ఒక చిన్న విషయం. ఆ రాత్రి నా మనసు నిజం చెప్పింది. కానీ ఎంత చెప్పింది? ‘ఏదో తేడాగా ఉంది, చూడు, లే’ అని మాత్రమే. జబ్బేమిటో చెప్పలేదు. నిజానికి జీపులో నేననుకున్నది మెదడువాపు. పూర్తిగా తప్పు. నేను ఇంట్లో కూర్చుని మెదడువాపుకు నాకు తెలిసిన వైద్యం చేసి ఉంటే బిడ్డ దక్కేవాడు కాదు. అంతరాత్మ పని తల్లిని నిద్రలేపడం. లేచాక చూడాల్సింది కళ్లతో, తేల్చాల్సింది తెలిసినవాళ్లతో. నా సర్వీసులో కూడా ఇదే చూశాను. ‘ఏదో తేడాగా ఉంది సిస్టర్’ అన్న తల్లుల మాట నిజమవడం ఎన్నిసార్లు చూశానో. ‘ఇదే జబ్బు, ఇదే మందు’ అన్న తల్లుల మాట, అమ్మమ్మల మాట తప్పవడమూ అంతే చూశాను. అందుకే వార్డులోకి కొత్తగా వచ్చిన సిస్టర్లకు నేను ముందు చెప్పేది, తల్లి ‘నా బిడ్డ రోజూలా లేడు’ అంటే చేతిలో ఉన్న పని పక్కనపెట్టి ఆ మంచం దగ్గరికి వెళ్లమని.

ఇది మన దగ్గర మాటే కాదు. ఇంగ్లండ్‌లో 2021లో మార్తా అనే పదమూడేళ్ల అమ్మాయి సైకిల్ మీంచి పడి ఆసుపత్రిలో చేరింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతోందని తల్లిదండ్రులు మొత్తుకున్నా వాళ్ల ఆందోళనను తగినంత పట్టించుకోలేదు. పిల్ల చనిపోయింది. ఆ తల్లి పోరాటం వల్ల 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ‘మార్తాస్ రూల్’ మొదలుపెట్టారు. తమ మనిషి పరిస్థితి దిగజారుతోందని ఇంటివాళ్లకు అనిపిస్తే, వేరే వైద్య బృందం వెంటనే వచ్చి చూడాలని అడిగే హక్కు అది. తల్లి మనసులోని గుబులును వైద్యమే ఒక లక్షణంగా లెక్కలోకి తీసుకుంటోంది. నీ మనసును నమ్మమని నేను చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

అయితే ఇప్పుడు రెండో కథ. ఇది చెప్పడం నాకు కష్టం. కానీ నీకు నిద్ర పట్టడం లేదన్నావు కాబట్టి చెప్పాలి.

మూడేళ్ల తర్వాత మా అమ్మాయి పుట్టింది. మొదటివాడి విషయంలో నా మనసు చెప్పింది నిజమైంది కదా, ఇక నా మనసులో వచ్చే ప్రతిదీ అమ్మవారి హెచ్చరికే అనుకున్నాను. రాత్రి గంటకోసారి లేచి పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. తుమ్మితే వణుకు. కల వస్తే కీడు. ఒక్కో భయానికి ఒక్కో మొక్కు. మంగళవారం ఉపవాసం, శుక్రవారం ఉపవాసం, తర్వాత శనివారం కూడా. పాలిచ్చే తల్లిని, వారానికి మూడు రోజులు పస్తులు. ఐదో నెలకు నేను ఎముకల గూడునయ్యాను. పాప చక్కగా పెరుగుతోంది, బరువు సరిగ్గా ఉంది, నవ్వుతోంది. నేనే అది చూడలేకపోయాను. మా వార్డులో సీనియర్ సిస్టర్ ఒకావిడ నన్ను స్టోర్ గదిలోకి పిలిచి, ‘నువ్వు పాపను చూడటం మానేసి ఎన్నాళ్లయింది? నీ భయాన్ని చూసుకుంటున్నావు’ అంది. ఆవిడే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఎనిమిది నెలలు మాత్ర వేసుకున్నాను. పాలిస్తూ వేసుకోగలిగే మాత్రలు ఉన్నాయి, డాక్టరుకు పాలిస్తున్నానని చెబితే చూసి రాస్తారు. భక్తి తగ్గలేదు. తగ్గిందల్లా వణుకు.

రెండింటికీ తేడా ఏమిటని అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు అర్థమైనంతవరకు, లోపలి తెలివి బిడ్డలో ఫలానాది మారిందని పట్టుకుంటుంది. పాలు తాగడం మానేసింది, చూపు నిలపడం లేదు, ఏడుపు గొంతు వేరేగా ఉంది, ఇలా చేత్తో చూపించగలిగేది ఏదో ఒకటి దాని వెనక ఉంటుంది. కాస్త కుదురుగా కూర్చుని చూస్తే అది దొరుకుతుంది. భయానికి అలాంటిది దొరకదు. బిడ్డ హాయిగా ఉన్నా అది ఆగదు, ఒకటి తీరితే ఇంకొకటి వెతుక్కుంటుంది, రేపు ఏమవుతుందో అని ముందుకే పరిగెడుతుంది. లోపలి తెలివి ఒక పని చేయించి ఊరుకుంటుంది. భయం చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయిస్తుంది. నా మొదటి కథలో నేను ఒక్కసారి లేచాను. రెండో కథలో రాత్రికి పదిసార్లు లేచాను. అందరికీ ఇంత స్పష్టంగా తెలియకపోవచ్చు, రెండూ కలిసిపోయి ఉండే రోజులూ ఉంటాయి. అలాంటప్పుడు బిడ్డను చూపించి రావడంలో తప్పేమీ లేదు. ఊరికే వచ్చావని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

నీ నిద్ర సంగతి కూడా పట్టించుకో. ప్రసవమయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉండేదే. అది నెలల తరబడి సాగితే, పాప నిద్రపోతున్నా నీకు నిద్ర రాకపోతే అది సాయం తీసుకోవాల్సిన విషయం. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

అసలు మాట ఇంకొకటి ఉంది, కటువుగానే చెబుతాను. ఇది నీ గురించి కాదు, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుంది. ప్రసవమైన కొన్ని రోజుల్లో, వారాల్లో కొందరు తల్లులకు నిజంగానే గొంతులు వినిపిస్తాయి. దేవుడు మాట్లాడుతున్నాడంటారు, బిడ్డ అవతారమంటారు, లేదా బిడ్డలో ఏదో చెడు చేరిందంటారు. రోజుల తరబడి నిద్రపోరు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే జబ్బిది. ఊళ్లలో గాలి సోకిందని, దయ్యం పట్టిందని మంత్రం వేయిస్తారు. మంత్రాలతో గడిపే సమయం ఉండదు. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వైద్యంతో బాగవుతారు, మళ్లీ ఆ బిడ్డనే ముద్దుచేస్తారు. నా కళ్లతో చూశాను.

ఇప్పుడు మీ అత్తయ్యగారు. దిష్టి విషయంలో ఆవిడతో పోట్లాడకు. దిష్టి తీయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ ఆవిడ పాప కోసం పడుతున్న ఆరాటం. మా వార్డులో ఒక ముస్లిం తల్లి రోజూ బిడ్డ మీద దువా చదివి ఊదేది, ఇంకో అమ్మ పాస్టర్ గారిని పిలిపించి ప్రార్థన చేయించేది. ఎవరినీ ఆపలేదు, ఆపాలని అనిపించలేదు. నేను గీత గీసేది ఒక్కచోటే. బిడ్డ ఒంటి మీద, నోట్లో, ఊపిరిలోకి వెళ్లేదాని దగ్గర. నుదుట విబూది పెట్టనీ, నోట్లో వేయనీయకు. సాంబ్రాణి దేవుడి గదిలో వేయనీ, పొగ పాప ముఖానికి పట్టనీయకు. నల్లచుక్క అరికాలికి పెట్టనీ, కంట్లో కాటుక వద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. తాయెత్తు మెడకు కట్టొద్దు, దారం బిగుసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏడాది నిండేవరకు తేనె నాకించొద్దు. వస అరగదీసి పోయడం, పొట్ట శుభ్రం కావాలని ఆముదం పట్టడం, కామెర్లకని చెవిలో, కంట్లో పసరు పోయించడం ఇవేవీ వద్దు. వాతలు పెట్టిస్తామంటే మాత్రం మొహమాటం అక్కర్లేదు, గట్టిగా అడ్డుపడు. వాత పుండై చీము పట్టిన పసికందుల్ని శుభ్రం చేసిన చేతులివి.

అత్తయ్యగారికి ఎలా చెప్పాలో కూడా అనుకుంటున్నావేమో. ‘మీరు తప్పు’ అనకు. ‘అత్తయ్యా, దిష్టి మీరు తీయండి, టీకా నేను వేయిస్తాను, రెండూ పాపకు రక్షే’ అను. నా అనుభవంలో పదిమందిలో ఎనిమిదిమంది పెద్దవాళ్లు ఈ మాటకు మెత్తబడతారు.

గ్రూపులో పెద్దావిడ విషయం వేరు. భాగవతంలో పూతన రాక గుర్తు తెచ్చుకో. ఆవిడ రాక్షసి రూపంలో రాలేదు. పూలు పెట్టుకుని, చూడముచ్చటగా, అమ్మలా వచ్చింది. యశోదా, రోహిణీ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ తేజస్సు చూసి నిశ్చేష్టులై నిలబడిపోయారు, బిడ్డను ఒళ్లోకి తీసుకుంటుంటే ఆపలేకపోయారు. ఆ తర్వాత గోపికలు ఆవుతోకతో తిప్పి రక్ష పెట్టారు, అది మన దిష్టి తీయడం లాంటిదే. ఆ పెద్దావిడ చెడ్డదని నేననడం లేదు, బహుశా మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది. కానీ మాట ఎంత మృదువుగా, ఎంత పవిత్రంగా వినిపించినా, అది నీ చేతుల్ని కట్టేసి బిడ్డను చూడనివ్వకుండా చేస్తోందా అన్నది నువ్వే గమనించుకోవాలి. ‘నీ నమ్మకం పూర్తిగా ఉంటే’ అనే షరతు మరీ క్రూరమైనది. రేపు బిడ్డకు ఏమైనా అయితే, నీ నమ్మకం చాలలేదని తప్పు నీ మీదికే నెట్టేస్తుంది. నిజమైన గురువు తల్లిని అలా ఇరికించడు. శ్రీకృష్ణుడంతటివాడు అర్జునుడికి అంతా చెప్పి, చివర్లో 18వ అధ్యాయం 63వ శ్లోకంలో ఏమన్నాడు? దీన్నంతా బాగా ఆలోచించి, నీకెలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. దేవుడే ఆలోచించుకోమని వదిలాడు. ఆలోచించొద్దనే గ్రూపులో నువ్వెందుకమ్మా?

పాపకు జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా నీకు పనికొచ్చే కొన్ని గుర్తులు రాస్తున్నాను. ఇవి కనబడితే ప్రార్థన దారిలో చేసుకో, ముందు బయల్దేరు. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, పిలిచినా లేవనంత మత్తు. పాప ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట మీది గుడ్డ తీసి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50 లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్టు. ఏడాది దాటాక 40. రెండు నెలల లోపు పసికందుకైతే 60. ఊపిరి తీస్తున్నప్పుడు పక్కటెముకల కింద గుంటపడుతుంటే లెక్కతో పనిలేదు, 108కి ఫోన్ చెయ్యి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది ఎంత చిన్నగా కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

డాక్టరు దగ్గర ‘ఏదోలా ఉంది’ అని ఆగిపోకు. వాళ్లకు నీ పాప రోజూ ఎలా ఉంటుందో తెలియదు, అది తెలిసింది నీకే. ‘రోజూ పొద్దున్నే నన్ను చూసి చేతులు చాస్తుంది, ఈ రోజు చాచలేదు. నిన్న రాత్రి నుంచి ఒక్క డైపరే తడిసింది’ అని చెప్పు. వింతగా కదిలినా, వింతగా ఏడ్చినా ఫోన్‌లో వీడియో తీసి చూపించు. మందు ఇచ్చి పంపాక కూడా నీ మనసు కుదుటపడకపోతే ‘ఏం కనిపిస్తే మళ్లీ రావాలి?’ అని అడిగి రా. అవి కనిపిస్తే మొహమాటపడకుండా మళ్లీ వెళ్లు. 1993లో నేను ఆ మొదటి డాక్టరును ఆ ఒక్క ప్రశ్న అడగలేదు, నర్సునై ఉండీ.

మరి ప్రార్థన ఎందుకు అంటావేమో. నా మటుకు నేను ఇప్పుడు అమ్మవారిని జవాబులు అడగను. ‘నా బిడ్డను సరిగ్గా చూసేంత నిబ్బరం ఇవ్వు’ అని అడుగుతాను. ఆ రాత్రి నాకు దొరికింది అదే. నువ్వు కూడా పాపను ఒళ్లో పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి, నీకు నచ్చిన నామం పది నిమిషాలు చెప్పుకుని చూడు. అది అయ్యాక పాపను తల నుంచి కాలి దాకా తీరిగ్గా చూడు. రోజూ చూస్తూ ఉంటే మామూలు ఏదో నీకు తెలిసిపోతుంది. మామూలు తెలిసిన తల్లికే తేడా తెలుస్తుంది.

మీ బస్తీ దవాఖానాలోనో, పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో టీకా ఏ రోజు వేస్తారో ఆశా కార్యకర్తను అడుగు. కార్డు మర్చిపోకు. అత్తయ్యగారిని వెంట తీసుకెళ్లు, సూది వేసేటప్పుడు పాప ఆవిడ ఒళ్లో ఉండనీ. వేశాక అక్కడే అరగంట కూర్చుని పాలివ్వు, ఏడుపు త్వరగా తగ్గుతుంది. ఇంటికొచ్చాక ఆవిడ దిష్టి తీస్తానంటే తీయనీ. ఈ టీకాకు జ్వరం వస్తే వెంటనే కాకుండా ఏడో రోజు నుంచి పన్నెండో రోజు మధ్య వచ్చే అవకాశం ఎక్కువ. కాస్త వేడి, ఒంటి మీద సన్నటి దద్దు కనిపించొచ్చు, రెండు మూడు రోజుల్లో పోతుంది. అప్పుడు ఇంట్లో ఎవరైనా ‘చూశావా, చీటీలో వద్దన్నది అందుకే’ అంటారు. ఆ మాటకు కంగారుపడకు. సిస్టర్ చెప్పిన డోసులో పారాసిటమాల్ ఇవ్వు, పైన రాసిన గుర్తులు చూసుకో, ఇంకా టెన్షన్‌గా ఉంటే ఇక్కడే రాయి. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.